జిగ్‌జాగ్ వేసినా అంచుల్లో పోగులు ఊడుతున్నాయంటే లోపం ఎక్కడ?

చిత్తూరు నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న ఇది. ఇంటి అవసరాలకు జిగ్‌జాగ్ ఉన్న చిన్న కరెంటు కుట్టు మెషీన్ కొన్నారు. కాటన్ గుడ్డతో తనకు ఒక చుడీదార్ టాప్, పాపకు ఒక గౌను కుట్టారు. లోపలి అంచులన్నిటికీ వెడల్పు (సూది అటూ ఇటూ ఊగే దూరం) 3 పెట్టి జిగ్‌జాగ్ వేశారు. అయినా నాలుగు ఉతుకులు పడేసరికి పక్క కుట్ల దగ్గర పోగులు లేచి, జిగ్‌జాగ్ దారమే పీచుతో సహా ఊడి వేలాడుతోందట. పల్చటి గుడ్డ మీద వేస్తే అంచు ముడుచుకుని గొట్టంలా చుట్టుకుపోతోందట. జిగ్‌జాగ్ అంటే ఇంతేనా, అంచును కత్తితో కోస్తూ దారాలతో అల్లే ఓవర్‌లాక్ మెషీన్ కొనక తప్పదా అన్నది ఆమె సందేహం.

ముందు సూటిగా జవాబు చెబుతాను. కొననక్కరలేదు. ఇంట్లోవాళ్ల బట్టల వరకు జిగ్‌జాగ్ చాలు. మీరు చెప్పిన దాన్నిబట్టి చూస్తే సూది రెండు పోట్లూ గుడ్డ మీదే పడుతున్నాయి. కుడివైపు పడే ప్రతి పోటూ గుడ్డ అంచును దాటి బయట పడాలి. అప్పుడే దారం అంచును చుట్టి పట్టుకుంటుంది. వెడల్పు 5కు, పొడవు (పోటుకూ పోటుకూ మధ్య దూరం) 2కు మార్చి, అంచు సరిగ్గా ఎక్కడ నడవాలో కింద చెప్పినట్టు చూసుకోండి. మీ సమస్యలో ముప్పాతిక వంతు అక్కడే తీరుతుంది. మిగతా పాతిక మీరు వాడే గుడ్డను బట్టి, అంచు పని ముందు చేస్తున్నారా, ముక్కలు కలిపాక చేస్తున్నారా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో చాలా ఏళ్లుగా బ్లౌజులు, చుడీదార్లు, పరికిణీలు కుడుతున్నాను. నా దగ్గర ఓవర్‌లాక్ కూడా ఉంది. అది ఉన్నా జిగ్‌జాగ్ మెషీన్ మూలన పడలేదు. పాత బ్లౌజు వదులు చేయాలన్నా, చేతులు బిగించేసిన టాప్‌లో చంక కింద నాలుగు అంగుళాల చోట పోగులు ఆపాలన్నా, ఓవర్‌లాక్ కత్తిని ఆ ఇరుకులోకి తీసుకెళ్లడం కంటే జిగ్‌జాగ్ వేయడమే నాకు సులువు.

అసలు పోగులు ఎందుకు ఊడతాయి

నేత గుడ్డ అంటే పడుగు, పేకల అల్లిక. గుడ్డను నిలువుగా కత్తిరించామనుకోండి. కోసిన అంచు వెంబడి నిలువునా ఉన్న పడుగు పోగును పట్టి ఉంచేవి అడ్డంగా వచ్చి తెగిపోయిన పేక కొసలు మాత్రమే. ఆ కొసల మీదుగా పడుగు పోగు మొత్తం, చాపలోంచి చివరి పుల్ల జారినట్టు, బయటికి జారిపోతుంది. ఒకటి పోగానే దాని పక్కది చివరిదవుతుంది. ఉతికినప్పుడు, ఒంటికి రాసుకున్నప్పుడు ఇదే జరుగుతూ ఉంటుంది. పక్క కుట్లు పొడుగ్గా, నిలువు పోగు వెంట నడుస్తాయి కాబట్టి మీకు అక్కడే ముందు ఊడింది.

చంక గుండ్రం దగ్గర, మెడ దగ్గర కోత ఏటవాలుగా ఉంటుంది. అంచుకు సమాంతరంగా నిండు పోగు ఉండదు కాబట్టి అక్కడ పోగులు తక్కువగా లేస్తాయి. కానీ ఆ అంచు సాగుతుంది. మెషీన్ గుడ్డను లాక్కునే వేగానికి మించి మీరు వెనక నుంచి లాగారంటే జిగ్‌జాగ్ పూర్తయ్యేసరికి అంచు అలలు తిరిగి ఉంటుంది. ఇస్త్రీ చేసినా పూర్తిగా అణగదు. గుండ్రం దగ్గర చేయి ఆనించి దారి చూపించండి, అంతే. లాగవద్దు.

ఇక మీ 3 వెడల్పు సంగతి. సన్నగా వేసిన జిగ్‌జాగ్ అంచులోని కొద్ది పోగులను మాత్రమే పట్టుకుంటుంది. నేత వదులుగా ఉన్న గుడ్డలో ఆ కొద్ది పోగులూ కలిసి, వాటిమీద ఉన్న జిగ్‌జాగ్‌తో సహా, ఒక పట్టీలా జారి వచ్చేస్తాయి. మీరు చూసిన "దారమే ఊడి వేలాడటం" ఇదే. కుట్టు విడిపోలేదు. కుట్టు పట్టుకున్న గుడ్డే అక్కడ లేకుండా పోయింది.

సూది ఎక్కడ పడాలి

మెషీన్ కరెంటు ఆపి, చేతి చక్రాన్ని మీవైపు మెల్లగా తిప్పుతూ చూడండి. సూది ఎడమవైపు దిగినప్పుడు గుడ్డ లోపలికి 4 మిల్లీమీటర్ల దూరంలో గుచ్చుకోవాలి. కుడివైపు దిగినప్పుడు గుడ్డను ముట్టుకోకుండా, అంచును రాసుకున్నట్టుగా కిందికి వెళ్లాలి. అంచుకూ సూదికీ మధ్య ఒక దారం మందం ఖాళీ ఉంటే సరిపోతుంది. ఎక్కువ ఖాళీ వదిలితే దారం గాలిలో ఉచ్చులా నిలబడి ఉతికేటప్పుడు గోళ్లకు, గాజులకు తగులుకుంటుంది. తక్కువైతే సూది గుడ్డ మీదే పడుతుంది, మళ్లీ మొదటికే వస్తుంది.

ఇలా పది పోట్లు చేతితో వేసి చూశాక, ప్రెషర్ ఫుట్ (సూది దగ్గర గుడ్డను నొక్కి పట్టే పాదం) మీద ఏ గీత దగ్గర గుడ్డ అంచు నడుస్తోందో గుర్తు పెట్టుకోండి. ఆ తర్వాత సూదిని చూడడం మానేసి ఆ గీతనే చూస్తూ కుట్టండి. కొత్తగా నేర్చుకునేవాళ్లు అటూ ఇటూ ఊగే సూదిని చూస్తూ కుడతారు, అందుకే వాళ్ల అంచు వంకర్లు పోతుంది.

పొడవు 2 అన్నాను కదా, మామూలు కాటన్‌కు అది సరిపోతుంది. కొంచెం మందపు గుడ్డకు 2.5 పెట్టుకోవచ్చు. కుట్టు దగ్గరగా ఉంటే గట్టిదనుకుని చాలామంది 0.5కు తగ్గించేస్తారు. అది చీర కొంగుకు పీకో వేసే పద్ధతి. అక్కడ అంచు బయటికి కనిపించాలి, నిండుగా ఉండాలి కాబట్టి అలా వేస్తాం. టాప్ లోపలి అంచుకు అలా వేస్తే దారం పేరుకుని కర్రలా బిగుసుకుంటుంది, ఒంటికి గుచ్చుకుంటుంది, పల్చటి గుడ్డయితే సూది పోట్లకే చిల్లులు పడి ఆ గీత వెంట చిరుగుతుంది.

పై దారం టెన్షన్ మామూలు కుట్టుకు 4 మీద ఉంటే జిగ్‌జాగ్‌కు 3కు దించండి. కింది నుంచి వచ్చే బాబిన్ దారం పైకి కనిపిస్తోందంటే ఇంకా కొంచెం దించాలి. సూది కాటన్‌కు 14 నెంబరు, పల్చటి వాటికి 11. మొద్దుబారిన సూది పోగును తెంపుతుంది. అంచు దగ్గర తెగిన పోగు అంటే ఊడటానికి సిద్ధంగా ఉన్న పోగే.

అంచు గొట్టంలా చుట్టుకుంటే

దీనికి కారణం ఒకటే. అంచుకు రెండు పక్కలా పడ్డ దారం బిగుసుకుంటూ గుడ్డను మధ్యలోకి లాగుతుంది. బయటి పక్క ఆనుకోవడానికి ఏమీ లేదు కాబట్టి పల్చటి అంచు లొంగి ముడుచుకుంటుంది. టెన్షన్ దించడంతో సగం తగ్గుతుంది. మిగతా సగానికి మూడు దారులున్నాయి, నాకు నచ్చిన వరుసలో చెబుతాను.

మొదటిది ఓవర్‌ఎడ్జ్ ఫుట్. చాలా మెషీన్లతో పాటు డబ్బాలోనే వస్తుంది, ఎవరూ బయటికి తీయరు. ఉషా జానోమ్ మెషీన్లలో దానిమీద "సి" అక్షరం ఉంటుంది, బ్రదర్ మెషీన్లలో "జి" ఉంటుంది. ఆ ఫుట్‌కు సన్నటి ఇనుప పుల్ల ఒకటి ఉంటుంది. గుడ్డ అంచును దానికి ఆనించి నడిపితే దారం ఆ పుల్ల మీదుగా వెళ్లి, గుడ్డ ముడుచుకునే అవకాశం లేకుండా చదునుగా కూర్చుంటుంది, తర్వాత పుల్ల మీద నుంచి వెనక్కి జారిపోతుంది. ఈ ఫుట్ వాడేటప్పుడు వెడల్పు 5కు తగ్గకూడదు. తగ్గిస్తే సూది పుల్ల మీద పడి విరుగుతుంది. అలాగే ఒకే చిన్న గుండ్రటి రంధ్రం ఉన్న స్ట్రెయిట్ కుట్టు ఫుట్ పెట్టుకుని ఎప్పుడూ జిగ్‌జాగ్ నొక్కవద్దు. విరిగిన సూది ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం.

రెండోది మూడు పోట్ల జిగ్‌జాగ్. మెషీన్ మీద జిగ్‌జాగ్ బొమ్మలోనే ఒక్కో వాలు గీత చిన్న చిన్న ముక్కలుగా ఉంటుంది, చూడండి. మామూలు జిగ్‌జాగ్‌లో ఒక వాలుకు ఒకే పొడుగు పోటు. ఇందులో మూడు చిన్న పోట్లు. లాగే బలం మూడు చోట్ల పంచుకోవడం వల్ల అంచు చదునుగా ఉంటుంది. వెడల్పు పూర్తిగా, పొడవు 1 నుంచి 1.5 మధ్య పెట్టండి. వాయిల్, మల్లు గుడ్డలకు నేను ఇదే వాడతాను.

మూడోది, పైన చెప్పిన సూత్రానికి మినహాయింపు. కత్తిరించేటప్పుడే మార్జిన్ (కుట్టుకు బయట వదిలే గుడ్డ) కొంచెం ఎక్కువ వదిలి, అంచు నుంచి ఒక అర సెంటీమీటరు లోపలికి, రెండు పక్కలా గుడ్డ ఉండగానే జిగ్‌జాగ్ వేయడం. తర్వాత మిగిలిన గుడ్డను కుట్టుకు ఆనుకుని కత్తిరించేయాలి. కుట్టు దారం తెగకుండా కత్తిరించడానికి మంచి కత్తెర, ఓపిక కావాలి. అంచు మీద కొంచెం నూగు మిగులుతుంది గానీ గుడ్డ ముడుచుకోదు.

నేత మరీ వదులుగా ఉన్న గుడ్డ అయితే వీటిలో ఏది వేసినా, దానికి ముందు అంచు నుంచి 6 మిల్లీమీటర్ల లోపల ఒక వరుస మామూలు కుట్టు వేసుకోండి. నగరి వైపు మరమగ్గాల మీద వచ్చే పల్చటి గుడ్డల్లో కొన్నిటికి నేను ఇది తప్పకుండా చేస్తాను. పోగులు ఊడినా ఆ గీత దగ్గర ఆగుతాయి.

ముందు అంచా, ముందు కుట్టా

ఈ విషయం ఇంటి దగ్గర కుట్టేవాళ్లలో నూటికి తొంభైమంది పట్టించుకోరు. అన్ని ముక్కలూ కలిపి కుట్టేసి, చివర్న రెండు పొరలూ ఒకటిగా పట్టి జిగ్‌జాగ్ వేస్తారు. పాప గౌనుకు, పైజామాకు, చంక గుండ్రానికి అలా వేసినా నష్టం లేదు. రెండు పొరలు కలిస్తే అంచు మందంగా ఉండి కుట్టు ఇంకా బాగా పడుతుంది కూడా.

బ్లౌజుకు మాత్రం అలా వేయకూడదు. మన దగ్గర బ్లౌజు కుట్టించుకునే ఎవరైనా పక్కల్లో గుడ్డ వదలమనే అడుగుతారు. రేపు ఒళ్లు వస్తే వదులు చేయించుకోవాలి కదా. రెండు అంచులూ కలిపి బిగించేస్తే, కుట్టు విప్పిన రోజు ముందు జిగ్‌జాగ్ అంతా పోటు పోటునా విప్పుకోవాలి, ఆ తర్వాత ఏ కుట్టూ లేని పచ్చి అంచు మళ్లీ బయటపడుతుంది. ఒకసారి ఒకావిడ చెల్లెలి పెళ్లికని పట్టు బ్లౌజు వదులు చేయమని తెచ్చింది. ముందు కుట్టినవాళ్లు పక్కల్లో అంగుళం గుడ్డ చక్కగా వదిలారు, కానీ రెండు పొరలనూ దట్టంగా కలిపి జిగ్‌జాగ్ వేశారు. "గుడ్డ ఉంది కదమ్మా, గంటలో అయిపోదా?" అంది. విప్పడానికే ఆ పూట పోయింది. పట్టు మీద పోట్ల గుర్తులు అలాగే ఉండిపోయాయి.

కాబట్టి వదులు చేసే అవకాశం ఉన్న ప్రతి చోటా కత్తిరించిన వెంటనే, ముక్కలు కలపకముందే, ఏ అంచుకు ఆ అంచు విడిగా జిగ్‌జాగ్ వేయండి. తర్వాత కుట్టి, మార్జిన్‌ను రెండు వైపులా తెరిచి ఇస్త్రీ చేయండి. ఇందులో ఇంకో లాభం ఉంది. అంచులన్నీ చదునైన ముక్కల మీదే వేస్తారు కాబట్టి చేయి తిరగడం సులువు. చుడీదార్ టాప్‌కూ ఇదే మంచిది. పక్కన చీలిక ఉంటుంది చూడండి, విడిగా అంచు వేసిన మార్జిన్ అయితే చీలిక దగ్గర అలాగే రెండు పక్కలకూ మడిచి కుట్టేయవచ్చు. కలిపి వేసినవాళ్లు చీలిక మొదలయ్యే చోట గాటు పెట్టి, ఆ గాటు దగ్గర పోగులు ఊడాయని బాధపడతారు.

మగ్గం మీద గుడ్డ పక్కల్లో వచ్చే నేత అంచే మీ ముక్క అంచుకు దొరికితే ఇంకేమీ చేయనక్కరలేదు. పేక పోగు అక్కడ వెనక్కి తిరుగుతుంది కాబట్టి అది ఊడదు. తిన్నటి పక్క కుట్టు, లంగా పనాలు వీలైనంతవరకు ఆ అంచు మీదికి వచ్చేలా పరుచుకుని కత్తిరించండి. కొన్ని గుడ్డల్లో ఉతికాక ఆ అంచు బిగుసుకుని కుట్టును లాగుతుంది. అలాంటప్పుడు అక్కడక్కడ చిన్న గాట్లు పెట్టాలి.

జిగ్‌జాగ్ వద్దనే గుడ్డలు

వెంకటగిరి నూలు చీరలు సన్నటి నూలుతో నేస్తారు. పాత చీరతో టాప్ కుట్టించుకుంటామని అమ్మాయిలు తెస్తుంటారు. ఆ గుడ్డ మీద జిగ్‌జాగ్ వేయవచ్చు గానీ, లోపలి అంచు బయటికి నీడలా కనిపిస్తుంది, అందం పోతుంది. వాటికి నేను ఫ్రెంచ్ కుట్టు వేస్తాను. మామూలుగా గుడ్డ మంచి వైపులు కలిపి కుడతాం కదా, ఇక్కడ ముందు లోపలి వైపులు కలిపి 6 మిల్లీమీటర్ల దగ్గర కుట్టాలి. ఆ మార్జిన్‌ను 3 మిల్లీమీటర్లకు కత్తిరించి, తిప్పి, అంచు మీద గోటితో గీచి, ఇస్త్రీ చేసి, ఈసారి మంచి వైపులు కలిపి మళ్లీ 6 దగ్గర కుట్టాలి. పచ్చి అంచు లోపల మూసుకుపోతుంది. మార్జిన్ మొత్తం 12 మిల్లీమీటర్లు కావాలి, కత్తిరించేటప్పుడే లెక్కలో పెట్టుకోండి. జార్జెట్, షిఫాన్‌కూ ఇదే దారి. చంక లాంటి బిగువు గుండ్రాల దగ్గర మాత్రం ఈ కుట్టు సరిగ్గా తిరగదు, అక్కడ సన్నటి పట్టీ వేసి కప్పడం మేలు.

జరీ ఉన్న పట్టు గుడ్డ సంగతి వేరు. జరీ పోగు నున్నగా ఉంటుంది, దారం కింద నుంచి జారిపోతుంది. పైగా కోసిన కొసలు ఒంటికి గుచ్చుకుంటాయి. జిగ్‌జాగ్ ఎంత బాగా వేసినా ఆ కొసలను కప్పలేదు. లైనింగ్ గుడ్డలోంచి ఏటవాలుగా పట్టీ కోసి అంచుకు చుట్టి కుట్టండి. పిల్లల పట్టు పరికిణీ నడుము దగ్గర, రవికె చంకల దగ్గర ఇది తప్పదు. పిల్లలు గీరుకుంటూ తిరుగుతుంటే పరికిణీ ఎంత అందంగా ఉన్నా ఏం లాభం?

కలంకారీ, మామూలు నూలు గుడ్డలకు జిగ్‌జాగ్ బాగా పనిచేస్తుంది. శ్రీకాళహస్తిలో కలంతో గీసినదైనా, మచిలీపట్నం, పెడన వైపు నుంచి వచ్చే అచ్చుల గుడ్డయినా కత్తిరించే ముందు విడిగా నీళ్లలో పెట్టి ఆరేయాలి కదా. నీళ్లలో పెట్టే ముందే దుకాణంలో కోసిన రెండు కొసలకూ ఒక వరుస జిగ్‌జాగ్ వేయండి. లేకపోతే బకెట్‌లోంచి తీసేసరికి పోగులన్నీ చిక్కుపడి తాడై, గుడ్డను ఒక పక్కకు లాగేసి ఉంటాయి.

స్కూలు యూనిఫాం టెర్రికాటన్‌కు పెద్దగా ఆలోచించనక్కరలేదు. పొడవు 2.5, వెడల్పు 5 పెట్టి వేసుకుంటూ పోవడమే. బనియన్ గుడ్డ అసలు పోగులు ఊడదు. దానికి అంచు కుట్టు అవసరం లేదు, వేసినా మూడు పోట్లదే వేయండి, లేదంటే సాగిపోతుంది.

ఇంట్లో పాత కాలి మెషీన్ ఉన్నవాళ్లూ ఇది చదువుతుంటారు. అందులో జిగ్‌జాగ్ లేదని దిగులు పడకండి. మార్జిన్ అంచును 3 మిల్లీమీటర్లు లోపలికి మడిచి మామూలు కుట్టు వేస్తే కాటన్‌కు అది జిగ్‌జాగ్ కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. మందపు గుడ్డకు మాత్రం ఆ మడత గట్టుగా తగులుతుంది. పళ్ల కత్తెరతో కత్తిరించి వదిలేయడం లైనింగ్‌తో ఉన్న బట్టలకు సరిపోతుంది, రోజూ ఉతికే బట్టలకు నిలవదు.

ఊడిపోయిన టాప్, గౌను ఏం చేయాలి

లోపల మార్జిన్ ఎంత మిగిలిందో కొలవండి. ఒక సెంటీమీటరు ఉంటే వేలాడే దారాలు లాగకుండా కత్తెరతో కత్తిరించి, అంచును తిన్నగా చేసి, పాత కుట్టుకు 2 మిల్లీమీటర్ల బయట ఒక మామూలు కుట్టు వేసి, రెండు పొరలూ కలిపి 5 వెడల్పు జిగ్‌జాగ్ వేయండి. ఇక్కడ కలిపి వేయడమే నయం, గుడ్డకు బలం కావాలి. మిగిలింది అర సెంటీమీటరు లోపే అయితే జిగ్‌జాగ్‌తో లాభం లేదు. టాప్ వదులుగా ఉంటే కుట్టునే 4 మిల్లీమీటర్లు లోపలికి జరపండి. బిగువుగా ఉంటే సన్నటి పట్టీతో అంచును కప్పి కుట్టండి. పాప గౌనుకు పట్టీయే మంచిది, మెత్తగా ఉంటుంది.

ఓవర్‌లాక్ కొనాలా అని అడిగారు కనుక ఎప్పుడు కొనాలో కూడా చెబుతున్నాను. నలుగురి బట్టలు తీసుకుని రోజూ కుట్టే ఉద్దేశం ఉంటే కొనండి, వేగంలో జిగ్‌జాగ్ దాని దరిదాపులకు రాదు. మూడు, నాలుగు దారాలతో అల్లుతూ, పక్కనే ఉన్న కత్తితో అంచును కోసుకుంటూ పోతుంది. ఆ కత్తి కోసినదాన్ని మళ్లీ అతికించలేం అన్నది గుర్తుంచుకోండి. అది మామూలు కుట్టుకు ప్రత్యామ్నాయం కూడా కాదు, మామూలు మెషీన్ ఎలాగూ పక్కన ఉండాలి. ఓవర్‌లాక్ చేసిందల్లా గట్టిదనే నమ్మకమూ వద్దు. రెడీమేడ్ బట్టల్లో చిన్న మార్జిన్ మీద ఓవర్‌లాక్ వేసి, కొసన గొలుసు దారాన్ని ముడి వేయకుండా కత్తిరించేస్తారు. ఆ కొసను లాగితే ఎంత దూరం వస్తుందో చూడండి.

ప్రస్తుతానికి మీరు కొనాల్సింది ఓవర్‌ఎడ్జ్ ఫుట్ ఒక్కటే, అదీ మీ డబ్బాలో లేకపోతేనే. మెషీన్ విడిభాగాల దుకాణానికి వెళ్లేటప్పుడు మోడల్ పేరు కాగితం మీద రాసుకుని, ఇప్పుడు వాడుతున్న ఫుట్‌ను ఊడదీసి చేత పట్టుకుని వెళ్లండి. నొక్కితే బిగుసుకునే రకం, స్క్రూతో బిగించే రకం వేరువేరుగా ఉంటాయి. తెచ్చి బిగించాక వెడల్పు 5 పెట్టి, చేతి చక్రాన్ని రెండు మూడు చుట్లు తిప్పి, సూది ఎడమన, కుడిన ఎక్కడా ఇనుముకు తగలడం లేదని కళ్లతో చూశాకే కరెంటు వేయండి.